చెవితో చదివిన చిలకమర్తి

ఉద్దేశం: తెలుగులో నవల, నాటకం తొలి అడుగులు వేస్తున్న కాలంలో ఆ రెండు ప్రక్రియలనూ సామాన్య పాఠకులకు చేరువ చేసిన రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం. కంటిచూపు దూరమవుతున్నా సాహిత్యాన్నీ, సమాజాన్నీ వదలని ఆయన జీవితాన్ని పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు పూర్వపు కృష్ణా జిల్లాలో మెట్ట సీమలు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఆ సీమలోని మండల కేంద్రాలలో వీరులపాడు ఒకటి. పత్తి, మిరప పండించే ఇటువంటి పల్లెలలో చేలపనులు ముగిసిన తరువాత వచ్చే వేసవి రాత్రులు ఒకప్పుడు పద్యనాటకాలకు పెట్టింది పేరు. గుడి ముందు తాటాకు పందిరి, పెట్రోమాక్సు దీపాల వెలుగు, శ్రుతి కలుపుతున్న హార్మోనియం, చాపలు పరచుకొని ముందు వరుసలో కూర్చున్న పిల్లలు, వెనుక గోడల మీద, బండ్ల మీద పెద్దలు. శ్రీకృష్ణుడు ఒకవైపు, అర్జునుడు ఒకవైపు నిలిచి పద్యానికి పద్యం బదులు చెబుతుంటే జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవారు. అక్షరం రాని రైతుకు సైతం ఆ పద్యాలు కంఠస్థం. కాని, వాటిని రాసిన కవి పేరు అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. కవి పేరు మరుగునపడి కవిత్వం మాత్రం జనం నోట మిగలడం ఒక విధంగా కవికి దక్కే గొప్ప గౌరవమే. అయినా, ఆ పేరు వెనుక ఉన్న జీవితం తెలియకపోతే నష్టపోయేది మనమే.

కృష్ణార్జునుల మధ్య యుద్ధం జరిగిన ఆ కథ వ్యాసభారతంలో లేదు. జనంలో ప్రచారంలో ఉన్న గాథ. గయుడనే గంధర్వుడు విమానంలో ఆకాశమార్గాన పోతూ ఉమ్మివేస్తాడు. అది సూర్యునికి అర్ఘ్యం ఇస్తున్న శ్రీకృష్ణుని దోసిలిలో పడుతుంది. ఆగ్రహించిన కృష్ణుడు గయుణ్ణి వధిస్తానని ప్రతిజ్ఞ చేస్తాడు. ప్రాణభీతితో పరుగెత్తిన గయుడు, తనను తరుముతున్నది ఎవరో చెప్పకుండానే అర్జునుని శరణు వేడుతాడు. అర్జునుడు అభయమిస్తాడు. నిజం తెలిసిన తరువాత ఇచ్చిన మాట వెనుకకు తీసుకోలేడు. కృష్ణుడు చేసిన ప్రతిజ్ఞ విడువలేడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ప్రాణమిత్రులిద్దరూ కేవలం మాట కోసం ఆయుధాలు పట్టవలసి వచ్చిన ఈ సంకటమే ‘గయోపాఖ్యానం’ నాటకానికి ప్రాణం. దీనినే ‘ప్రచండ యాదవం’ అని కూడా అంటారు. 1890లో దీనిని రచించేనాటికి చిలకమర్తి లక్ష్మీనరసింహానికి ఇరవై మూడేళ్లు. లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిన తెలుగు నాటకంగా దీనికి ప్రసిద్ధి ఉన్నది. 1963లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వెలువడిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ చలనచిత్రానికి ఇతివృత్తం ఈ గయుని కథే.

చిలకమర్తి 1867 సెప్టెంబరు 26న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఖండవల్లిలో, మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి వెంకన్న, తల్లి వెంకటరత్నమ్మ. బాల్యం వీరవాసరంలో గడిచింది. నరసాపురంలోనూ, ఆపైన రాజమహేంద్రవరంలోనూ చదువుకొన్నారు. చిన్ననాటి నుంచే ఆయనను రేచీకటి బాధించింది. పొద్దుగూకితే ఆయనకు లోకమంతా మూసుకుపోయినట్లే. ఆనాటి విద్యార్థులకు రాత్రి ఆముదపు దీపం వద్ద చదివే చదువే అసలు చదువు. ఆ దీపం ఆయనకు ఉపయోగపడలేదు. అందువల్ల తోటి విద్యార్థులు పాఠాలు పైకి చదువుతుంటే ప్రక్కన కూర్చుండి వినేవారు. ఒకసారి విన్నది మనసులో నిలుపుకొనే అలవాటు ఆయనకు ఆ విధంగా అబ్బింది. ఇతరులు కంటితో చదివిన పుస్తకాలను ఆయన చెవితో చదివారు. కాలక్రమంలో పగటిచూపు కూడా మందగించి, చివరకు పూర్తిగా పోయింది. మెట్రిక్యులేషన్‌తో చదువు నిలిచిపోయినా విద్య నిలిచిపోలేదు. రాజమహేంద్రవరంలో తెలుగు పండితునిగా పనిచేస్తూ అనేకమందికి విద్యాదానం చేశారు.

ఆయనను రచయితగా మలచినది రాజమహేంద్రవరం. కందుకూరి వీరేశలింగం సంఘసంస్కరణ ఉద్యమం ఆ పట్టణాన్ని కుదిపివేస్తున్న రోజులవి. అదే సమయంలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు అక్కడ నాటక ప్రదర్శనలు నిర్వహిస్తుండేవారు. ఆయనకు నాటకాలు కావాలి, చిలకమర్తికి రంగస్థలం కావాలి. 1889లో ‘కీచకవధ’ వెలువడింది. ఆ తరువాత గయోపాఖ్యానం, ద్రౌపదీ పరిణయం, శ్రీరామ జననం, పారిజాతాపహరణం, నల చరిత్ర, సీతా కల్యాణం, ప్రసన్న యాదవం వరుసగా వచ్చాయి. పండితులు ఇంట కూర్చుండి చదువుకోవడానికి కాక, నటులు మరునాడు వేదికపై పలకడానికి రాసిన నాటకాలివి. కనుకనే వీటిలో పద్యం నోటికి సులువుగా అందుతుంది. సంభాషణ వినగానే అర్థమవుతుంది. నాయుడుగారి శిష్యుడొకరు ఆ నాటకాలలో స్త్రీ వేషాలు ధరించి ప్రేక్షకులను మెప్పించేవారు. ఆ బాలుడే టంగుటూరి ప్రకాశం. తరువాతి కాలంలో తుపాకీ గుండుకు రొమ్ము చూపిన ‘ఆంధ్రకేసరి’ ఒకనాడు చిలకమర్తి మాటలను చీరకట్టుతో పలికారన్న సంగతి విద్యార్థులకు వింతగా తోచవచ్చు. ఈ నాటకాల ఒరవడి గోదావరి దాటి కృష్ణా తీరానికి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలలో మెట్ట సీమలోని మైలవరంలో జమీందారుల పోషణలో నాటక సమాజం వెలసింది. పల్లెలకు పద్యనాటకం పండుగయింది.

నాటకకర్తగా పేరు వచ్చిన కొద్ది కాలానికే చిలకమర్తి దృష్టి నవల వైపు మళ్లింది. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్ర’ వెలువడి అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు. నవల అంటే ఏమిటో, దానిని ఎందుకు చదవాలో పాఠకులకు ఇంకా తెలియని కాలం. కందుకూరి వీరేశలింగం, న్యాయపతి సుబ్బారావు గార్ల నిర్వహణలోని ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు ప్రకటించి ఆ లోటు తీర్చడానికి పూనుకొన్నది. ఆ పోటీలలో ‘రామచంద్ర విజయం’ (1894), ‘హేమలత’ (1896), ‘అహల్యాబాయి’ (1897) నవలలకు చిలకమర్తి బహుమతులు అందుకొన్నారు. మొదటిది తన కాలపు గోదావరి మండలంలోని కుటుంబ జీవితాన్ని చిత్రించిన సాంఘిక నవల. రెండవది రాజపుత్రుల కాలపు చారిత్రక నవల. మూడవది మాళవ దేశాన్ని పాలించిన అహల్యాబాయి హోల్కరు చరిత్ర. ఆ తరువాత సౌందర్య తిలక, కర్పూర మంజరి, మణిమంజరి మొదలైన నవలలు వచ్చాయి. కర్నల్ టాడ్ ఆంగ్లంలో సంకలించిన రాజపుత్ర గాథల ఆధారంగా ‘రాజస్థాన కథావళి’ రాశారు. స్కాట్లాండు గతవైభవాన్ని నవలలుగా మలచిన సర్ వాల్టర్ స్కాట్‌తో పోల్చి ఆంధ్రులు ఆయనను ‘ఆంధ్ర స్కాట్’ అని గౌరవించారు.

ఇన్ని గ్రంథాలు ఒక మనిషి రాయడం ఒక విశేషమైతే, వాటిని రాసిన తీరు మరొక విశేషం. చూపు సహకరించని మనిషి నవల రాయడమంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించాలి. మామూలు రచయిత రాసిన పుటను వెనుకకు తిప్పి చూసుకొంటాడు. నచ్చని వాక్యాన్ని కొట్టివేస్తాడు. మూడవ ప్రకరణంలో ఒక పాత్రకు ఏ పేరు పెట్టాడో మరచిపోతే వెదకుకొంటాడు. చెప్పి రాయించే రచయితకు ఆ సౌకర్యం లేదు. పాత్రలు, వారి వయసులు, బంధుత్వాలు, నిన్న ఆపిన చోటు, రేపు చేరవలసిన చోటు, అన్నీ మనసులోనే అమర్చుకోవాలి. వాక్యం నోటి నుంచి వెలువడేసరికే రూపు కట్టి ఉండాలి. వ్యాసుడు చెబుతుంటే విఘ్నేశ్వరుడు భారతం రాశాడన్న కథ మనకు తెలుసు. రాసేవాని చేయి ఆగకూడదు, చెప్పేవాని నోరు తడబడకూడదు అన్నది ఆ కథలోని నియమం. చిలకమర్తి ఇంట జరిగినది దాదాపు అదే. ఆంగ్ల మహాకవి మిల్టన్ 1652 నాటికి పూర్తిగా చూపు కోల్పోయి, 1667లో వెలువడిన తన మహాకావ్యాన్ని ఇతరులకు చెప్పి రాయించాడు. అందువల్ల చిలకమర్తిని ‘ఆంధ్ర మిల్టన్’ అన్నవారూ ఉన్నారు. చెప్పి రాయించడం వల్ల ఆయన వచనానికి ఒక సుగుణం కూడా అలవడింది. అది గ్రాంథికమే అయినా సరళ గ్రాంథికం. ఊపిరి అందని సమాసాలు అరుదు. పైకి చదివితే ఎదురుగా ఒక పెద్దమనిషి కూర్చుండి తీరికగా కథ చెబుతున్నట్లు ఉంటుంది.

ఆయన గొంతు ఇల్లు దాటి ఊరి నడిబొడ్డున మ్రోగిన సందర్భం 1907లో వచ్చింది. 1905 నాటి వంగ విభజనతో చెలరేగిన వందేమాతరం ఉద్యమ సందేశాన్ని వినిపించడానికి బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. బందరులో కృష్ణాపత్రికకు జీవం పోసిన ముట్నూరి కృష్ణారావు ఆ పర్యటనకు తోడ్పడ్డారు. ఆ ఏప్రిల్‌లో రాజమహేంద్రవరంలో పాల్ ఆంగ్లంలో ఉపన్యసిస్తే, దానిని తెలుగు చేసి జనానికి అందించినవారు చిలకమర్తి. కాగితం చూసే వీలు లేదు. విన్నది విన్నట్లు పట్టుకొని, అక్కడికక్కడే తెలుగులో పలకాలి. చిన్ననాడు తోటివారు చదువుతుంటే వినడంలో గడించిన సాధన ఆనాడు దేశానికి ఉపయోగపడింది.

ఆ సభలలో ఆయన ఆశువుగా చెప్పిన పద్యం ఒకటి తెలుగునాట దావానలంలా వ్యాపించింది. దేశాన్ని మంచి పాడియావుగాను, ప్రజలను ఆకలిగొన్న లేగదూడలుగాను, పరపాలకులను పాలు పిండుకొనే గొల్లలుగాను ఆ పద్యంలో రూపించారు. అర్థశాస్త్ర గ్రంథాలు ఎన్నో పుటలలో వివరించే సంపద దోపిడీని నాలుగు పాదాలలో చూపిన పద్యమది. ఆ పోలిక ఎందుకు అంతగా హత్తుకొన్నదో పల్లెటూరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. గుంజకు కట్టిన దూడ తల్లి వైపు మెడ చాచి అరవడం వీరులపాడులో చూసినా, వీరవాసరంలో చూసినా ఒక్కటే. చదువురాని రైతుకు సామ్రాజ్యవాదం అన్న మాట తెలియదు గాని, దూడ ఆకలి తెలుసు. కవి ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసినప్పుడే ఉపమానం ప్రాణం పోసుకొంటుంది. ఆ రోజులలోనే రాజమహేంద్రవరం శిక్షణ కళాశాలలో వందేమాతరం నినాదం వినిపించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ కారణంగా కళాశాల నుంచి బహిష్కృతులయ్యారు. పద్యం చెప్పడమూ, నినాదం చేయడమూ ఉపాధిని పణంగా పెట్టవలసిన పనులైన కాలమది.

దేశం కోసం పద్యం చెప్పినవారు చాలామంది ఉన్నారు. చిలకమర్తి అంతటితో ఆగలేదు. పరాయి పాలన అన్యాయమని చెప్పే నోటితో, మన ఊరిలోనే మనం చేస్తున్న అన్యాయం గురించి మౌనం వహించడం ఆయనకు సమ్మతం కాలేదు. 1909లో రాజమహేంద్రవరంలో హరిజన బాలుర కోసం ‘రామమోహన పాఠశాల’ స్థాపించి, సుమారు పదమూడేళ్లు నడిపించారు. అంటరానివారని ముద్రపడిన పిల్లలు ఊరి బడి మెట్టు ఎక్కడానికి వీలులేని ఆ రోజులలో, సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఒక పండితుడు ఈ పనికి పూనుకోవడం సామాన్య విషయం కాదు. గాంధీజీ హరిజనోద్యమ యాత్రలు అప్పటికి ఇంకా రెండు దశాబ్దాలకు పైగా దూరంలో ఉన్నాయి. దీపం ముందున్నా చదువుకోలేని బాధ చిలకమర్తి స్వయంగా అనుభవించినది. కళ్లుండీ అక్షరం చూడనివ్వని ఆచారం అంతకంటె క్రూరమైన చీకటి. మనోరమ, దేశమాత పత్రికల ద్వారా కూడా ఆయన సంస్కరణ భావాలను ప్రచారం చేశారు.

ఇంత గంభీరమైన జీవితం గడిపినా ఆయన మొగం ముడుచుకొన్న మనిషి కాదు. తెలుగువారికి ఇష్టమైన పకోడీ మీద పద్యాలు చెప్పి నవ్వించిన సరసుడు. ఎన్నో ప్రహసనాలు రాశారు. ఆ హాస్యానికి పరాకాష్ఠ 1920 ప్రాంతంలో వెలువడిన ‘గణపతి’ నవల. పాపయ్య, గంగాధరుడు, గణపతి అనే మూడు తరాల పేద బ్రాహ్మణ కుటుంబ కథ ఇది. గణపతికి అందం లేదు, చదువు లేదు, పని చేసే అలవాటు లేదు. అయినా తనంతవాడు లేడన్న గర్వం మాత్రం నిండుగా ఉన్నది. సరిగా చదువుకోని ఆ గణపతే చివరకు వీధిబడి పంతులై పిల్లలకు చదువు చెప్పడానికి కూర్చుంటాడు. ఆ ఘట్టాలు చదివి నవ్వని పాఠకుడు ఉండడు. అయితే నవ్వు ఆగిన తరువాత ఒక ప్రశ్న మిగులుతుంది. గణపతిని అలా తయారుచేసినది ఎవరు? తరతరాల పేదరికం, ముద్దుచేసి చెడగొట్టిన పెంపకం, అర్హత లేకపోయినా పంతులును అంగీకరించిన ఊరు, బెత్తమే విద్య అనుకొన్న సమాజం. కథ ముగిసేసరికి మనం నవ్వినది గణపతిని చూసి మాత్రమే కాదనీ, మనల్ని చూసి కూడాననీ తెలుస్తుంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఈ నవలను నాటకంగా ప్రసారం చేసింది. కృష్ణా మెట్ట పల్లెల్లో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద చేరి జనం ఆ నాటకాలు వినే రోజులలో, చెప్పి రాయించిన కథ మళ్లీ చెవుల ద్వారానే ఇంటింటికీ చేరింది.

ఇక్కడ మరొక దేశపు రచయిత గుర్తుకు వస్తాడు. ఐరోపాలోని సెర్బియాలో బ్రానిస్లావ్ నుషిచ్ (1864–1938) అనే నాటకకర్త, నవలాకారుడు ఉండేవాడు. వయసులో చిలకమర్తి కంటె మూడేళ్లు పెద్ద. రాజును విమర్శిస్తూ పద్యం రాసినందుకు యౌవనంలోనే చెరసాల చూశాడు. తరువాత చిన్న ఉద్యోగుల పెద్ద గర్వాలను, మధ్యతరగతి ఆడంబరాలను హాస్యనాటకాలుగా మలచి తన జాతిని నవ్వించాడు. ఆయన కూడా ఆత్మకథ రాశాడు. వీరిద్దరి మధ్య ఏడు సముద్రాల దూరం. ఒకరి భాష మరొకరికి తెలియదు. అయినా పరాధీనతో, పేదరికమో, అజ్ఞానమో చుట్టుముట్టిన సమాజంలో రచయిత చేయగల పని ఒక్కటేనని ఇద్దరి జీవితాలూ చెబుతాయి. ఏడ్వవలసిన చోట జనాన్ని నవ్వించడం, ఆ నవ్వు వెనుక ఆలోచన రేపడం.

చిలకమర్తి రచనలన్నీ ఈనాటి పాఠకునికి ఒకే విధంగా నచ్చుతాయని చెప్పలేము. చారిత్రక నవలలలోని నాయికానాయకులు గుణాల రాశులుగా కనిపిస్తారు. వర్ణనలు కొన్నిచోట్ల కథను నిలిపివేస్తాయి. ‘గణపతి’లో రూపాన్ని ఆధారం చేసుకొని పుట్టించిన హాస్యం నేటి మనసుకు కొంత ఇబ్బంది కలిగించవచ్చు. ఒక మనిషి పొట్టిగానో, వికారంగానో ఉండడం నవ్వదగిన విషయమా అని విద్యార్థి ప్రశ్నిస్తే ఆ ప్రశ్న సమంజసమైనదే. శతాబ్దం గడిచిన తరువాత కూడా ప్రశ్నించాలనిపించే పుస్తకం బ్రతికి ఉన్న పుస్తకం. లోపాలను గుర్తిస్తూనే గుణాలను గ్రహించడం సాహిత్య పఠనంలో మొదటి పాఠం.

జీవిత చరమాంకంలోనూ ఆయన విశ్రమించలేదు. 1912లో తిరువనంతపురంలో గణపతిశాస్త్రి ప్రకటించిన భాసుని సంస్కృత నాటకాలను తెలుగులోకి తెచ్చారు. డెబ్బై అయిదేళ్ల ప్రాయంలో ‘స్వీయచరిత్ర’ చెప్పి రాయించారు. చూసుకోవడానికి కాగితాలు లేవు, చూడడానికి కళ్లు లేవు. అరవై ఏళ్ల క్రితం విన్న మాటలు, చూసిన మనుషులు, ఊళ్లు, నాటకాల రాత్రులు, సభల కోలాహలం, అన్నీ జ్ఞాపకంలోంచి వెలికి వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దపు గోదావరి మండలం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే చరిత్రకారులు సైతం నేటికీ ఆ గ్రంథాన్ని ఆశ్రయిస్తారు. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను ‘కళాప్రపూర్ణ’ బిరుదుతో సత్కరించింది. 1946 జూన్ 17న ఆయన కన్నుమూశారు. దానికి సుమారు నెలన్నర ముందుగా, ఒకనాడు ఆయన నాటకాలలో స్త్రీ వేషం కట్టిన ప్రకాశం మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. పాడియావు గుంజ విడిపించుకొనే రోజుకు మరి పద్నాలుగు నెలలే మిగిలి ఉన్నాయి. దానిని చూడడానికి కవి లేరు.

చిలకమర్తి జీవితం తలచుకొన్నప్పుడు ఆయన పట్టుదలను, జ్ఞాపకశక్తిని అందరూ మెచ్చుకొంటారు. మెచ్చుకోదగినవే. అయితే ఆ జీవితంలో మరికొందరు మనుషులున్నారు. రాత్రిపూట తమ పాఠం తాము చదువుకొంటూ, ప్రక్కనున్న మిత్రుని కోసం కొంచెం గట్టిగా చదివిన బాలురు. ఆయన చెప్పిన మాట జారిపోకుండా కాగితం మీద పెట్టిన లేఖకులు. వారు గొంతు ఎత్తి చదవకపోతే గయోపాఖ్యానం లేదు, వారి చేయి కదలకపోతే గణపతి లేడు. గొప్పవాడు ఒంటరిగా గొప్పవాడు కాలేడు.

ఈనాడు ఇంటర్మీడియట్ పరీక్షలలో చూపులేని విద్యార్థి జవాబులు చెబుతుంటే రాయడానికి లేఖకుణ్ణి అనుమతిస్తున్నారు. ఆ కుర్చీలో కూర్చున్న విద్యార్థి చేస్తున్నది రెండు, మూడు గంటల సాయం మాత్రమే అనిపించవచ్చు. కాని, ఎదుట కూర్చుండి చెబుతున్న ఆ గొంతులో రేపటి నవల ఉన్నదో, నాటకం ఉన్నదో ఎవరికి తెలుసు? వీరులపాడు వంటి పల్లెలో పద్యం విని చప్పట్లు కొట్టిన రైతుకు కవి పేరు తెలియకపోయినా నష్టం లేదు. ప్రక్కనున్నవాని కోసం రెండు పుటలు గట్టిగా చదివి వినిపించే మనసు మనలో లేకపోతే మాత్రం, ఆ పద్యం మనం విననట్లే.

ప్రశ్నలు

1. గయోపాఖ్యానంలో కృష్ణార్జునుల మధ్య ఏర్పడిన సంకటాన్ని వివరించండి.
2. చూపు సహకరించకపోవడం చిలకమర్తి విద్యను, రచనా విధానాన్ని ఎలా ప్రభావితం చేసింది?
3. 1907 నాటి సభలలో చిలకమర్తి చెప్పిన పద్యంలోని పోలిక సామాన్య జనానికి ఎందుకు హత్తుకొన్నది?
4. ‘గణపతి’ నవలలోని హాస్యం వెనుక ఉన్న విమర్శను, ఆ హాస్యం గురించి నేడు లేవనెత్తదగిన ప్రశ్నను మీ మాటలలో రాయండి.
5. ‘గొప్పవాడు ఒంటరిగా గొప్పవాడు కాలేడు’ అన్న వాక్యాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.